పెద్దాయనకు ప్రెస్సు

గుడిమిట్ట అటవీ డివిజనులో ఏనుగులు వినేది ఒక్కరి మాటే. ఆ ఒక్కరు రేంజి ఆఫీసరు కాదు, డివిజనల్ ఆఫీసరు అసలే కాదు. ఆయుధాల గదిలో మూలకు ఆనించి ఉన్న ఒక పాత రైఫిలు. ఏ దొర వదిలిపోయాడో తెలియదు గానీ, మోయడానికి ఒకడు, పేల్చడానికి ఒకడు కావాలి. సిబ్బంది దాన్ని భయభక్తులతో 'పెద్దాయన' అంటారు.

టపాసులకూ డప్పులకూ మైకులో సైరన్లకూ ఏనుగులు ఏనాడో అలవాటు పడిపోయాయి. డప్పు కొడితే చెవులు ఊపుకుంటూ నిలబడి వింటాయని అడవి అంచునున్న దాసర్లమిట్ట జనం చెబుతారు. పెద్దాయన ఒక్కసారి దగ్గాడా, పదిహేడు ఏనుగుల మంద వెనక్కి చూడకుండా కొండెక్కుతుంది. గుండు అక్కర్లేదు, చప్పుడు చాలు. అందుకే ఆయనకు వాడేది గుండు లేని తూటా. బొటనవేలంత లావు, చూపుడు వేలంత పొడవు.

పెద్దాయన ఆలనా పాలనా చూసేవాడు చెంగల్రాయులు. పటాలంలో పద్దెనిమిదేళ్ళు తుపాకులు బాగుచేసి, రిటైరై వచ్చి ఇక్కడ ఆయుధాల గదికి తాళం వేసుకుని కూర్చున్నాడు. మనిషి తక్కువ మాట్లాడతాడు. ఆఫీసులో అది పెద్ద లోపం.

ఆ ఏడాది ఉగాదికి ముందు చెంగల్రాయులు తూటాలు లెక్కపెడితే పద్నాలుగు మిగిలాయి. చేసే కంపెనీ చేయడం మానేసి ఆరేళ్ళయింది. పేల్చిన ఖాళీ గొట్టాలకు మాత్రం కరువు లేదు. డిపార్టుమెంటులో తూటా పోయినా క్షమిస్తారు గానీ ఖాళీ గొట్టం పోతే క్షమించరు. పేల్చిన ప్రతి దాన్నీ ఏరి, సంతకం పెట్టి, డ్రాయరులో దాచాలి. అలా రెండు వందల పన్నెండు ఖాళీలు చెంగల్రాయులు దగ్గర ఉన్నాయి. నింపే మందూ గదిలోనే ఉంది. వాటిని తిరిగి నింపుకునే ప్రెస్సు ఒక్కటి ఉంటే చాలు, పెద్దాయన ఇంకో ముప్పై ఏళ్ళు దగ్గుతాడు.

చెంగల్రాయులు కాగితం తీసుకుని నాలుగు ముక్కలు రాశాడు. "పెద్ద రైఫిలు ఖాళీ తూటాలు తిరిగి నింపు ప్రెస్సు ఒకటి కావలెను. ఒళ్ళు బరువుగా, నోరు ఎత్తుగా, చెయ్యి పొడుగ్గా ఉండవలెను. తూటా పెద్దది గనుక చిన్న ప్రెస్సు నిలవదు. ఏనుగులు కార్తీకంలో దిగును." దానికి కంపెనీ పుస్తకంలోంచి ఒక బొమ్మ చించి అంటించాడు.

కాగితం సూపరింటెండెంటు త్రివిక్రమరావు బల్ల మీదికి చేరింది. ఆయన చేతిలో పడ్డ కాగితం పిల్లలు పెట్టకుండా బయటికి రాదు.

"ఏమయ్యా చెంగల్రాయులూ, ఈ బొమ్మలో దాన్నే అడుగుతున్నావా? ఇదే కావాలని నీకెలా తెలుసు?"

"పటాలంలో దాంతోనే పనిజేసినా సార్. మందపాటి ఇనుము. ఒక్కో తూటాకి ఒక్కో తూరి చెయ్యి దించల్ల. పెద్ద తూటాకి అదే సరి."

త్రివిక్రమరావు కళ్ళజోడు తీసి, జాలిగా చూశాడు. "తెలిసినవాడు ఎంపిక చేస్తే దాన్ని పక్షపాతం అంటారు. తెలియనివాళ్ళు ఎంపిక చేస్తేనే నిష్పక్షపాతం. రూలే అది."

రూలు ప్రకారం మూడు రకాల ప్రెస్సులను పోల్చి చూడడానికి 'తులనాత్మక మదింపు సంఘం' ఏర్పడింది. సభ్యులు ఏడుగురు. అర్హత ఒక్కటే, తూటా సంగతి బొత్తిగా తెలియకపోవడం. అధ్యక్షుడుగా డాక్టర్ పరాంకుశం గారు వచ్చారు. వెదురు నారుమళ్ళలో ముప్పై ఏళ్ళ అనుభవం, దీపావళికి కాకరపువ్వొత్తి కూడా ముట్టించని చరిత్ర. అంతకన్నా నిష్పక్షపాతం జిల్లాలో దొరకలేదు. చెంగల్రాయులును సంఘంలో వేయలేదు. తెలిసినవాడు కదా. నీళ్ళూ తూటాలూ అందించడానికి గుమ్మం దగ్గర నిలబెట్టారు.

మొదటి సమావేశం ఆఫీసు ఆవరణలో, చింతచెట్టు కింద షామియానా వేసి జరిగింది.

"ప్రెస్సు యొక్క ఆవశ్యకత తూటా యొక్క ఆవశ్యకతపై ఆధారపడి ఉన్నది," అన్నారు పరాంకుశం గారు. "తూటా యొక్క ఆవశ్యకత శబ్దం యొక్క ఆవశ్యకతపై. కావున ముందుగా శబ్దమును సంఘము ప్రత్యక్షముగా ఆలకించవలసి ఉన్నది."

"సార్, పద్నాలుగే ఉండాయి," అన్నాడు చెంగల్రాయులు.

"ఒకటి చాలును."

పెద్దాయన దగ్గాడు. కాకులు మూడు ఊళ్ళ అవతలికి పోయాయి. అటెండరు చేతిలో టీ పళ్ళెం జారింది. ఆ సమయానికి ఫోనులో మాట్లాడుతున్న ఒక సభ్యుడు, తాను సరిగా ఆలకించలేదనీ, ఆలకించనిదానికి సంతకం పెట్టలేననీ అన్నాడు. ఆయన కోసం రెండోది. ఆ రెండో చప్పుడుకు ఉలిక్కిపడి లెక్క తప్పిందని మినిట్సు రాసే గుమాస్తా అంటే మూడోది.

మూడో ఖాళీ గొట్టం ఎగిరి ఎటో పడింది. ఖాళీ దొరకనిదే సమావేశం ముగియకూడదు. తులనాత్మక మదింపు సంఘం ఏడుగురూ పంచెలూ ప్యాంట్లూ ఎగ్గట్టి గడ్డిలో మోకాళ్ళ మీద ముప్పావుగంట దేకారు. చివరికి అది అధ్యక్షులవారి కుర్చీ కిందే దొరికింది. మినిట్సులో ఇలా రాశారు: "శబ్దము వచ్చినదని సంఘము ఏకగ్రీవముగా గుర్తించినది."

మిగిలినవి పదకొండు.

తర్వాత ప్రెస్సుల వంతు. ప్రెస్సు తెప్పించి చూడాలంటే లైసెన్సు కావాలి. లైసెన్సు వాళ్ళు ఎంపికైన ప్రెస్సు నంబరు లేనిదే ఇవ్వమన్నారు. నంబరు కావాలంటే ఎంపిక జరగాలి. ఎంపిక జరగాలంటే ప్రెస్సు చూడాలి. వేరే ఎవరైనా అయితే ఇక్కడ తల పట్టుకునేవారు. పరాంకుశం గారు వెదురు మనిషి, వంగుతారే గానీ విరగరు.

"వస్తువు లేనిచోట నమూనాతో మదింపు చేయవచ్చును," అన్నారు. "మన ఆవరణలో పట్టుబడిన టేకు దుంగలు కుళ్ళిపోతున్నవి. వానితో మూడు ప్రెస్సులు చేయించండి."

ఆ పనికి ఫకీరు సాయబును పిలిపించారు. ఆ చుట్టుపక్కల తలుపులూ కిటికీలూ, శావిగలు ఒత్తే చెక్కలూ ఆయన చేతివే. రాగిపిండి ముద్ద గొట్టంలో పెట్టి, పైనుంచి పొడుగు పిడి దించితే కింద చిల్లుల్లోంచి శావిగలు దిగుతాయే, ఆ చెక్కలు. ఫకీరు సాయబు కాగితానికి అంటించిన బొమ్మ తిప్పి తిప్పి చూశాడు.

"రాయులన్నా, ఇది శావిగలు ఒత్తేదే గదా?"

"కాదు సాయబన్నా. తూటాలు నింపేది."

"చూస్తే అట్లే ఉండాది మల్ల. నోరుండాది, పిడి ఉండాది."

"అట్ల కనబడతాది గానీ ఇది ఇనుము. దీంట్లో ఒక ముల్లంత తేడా వచ్చినా తూటా పట్టదు."

"నువ్వు గమ్మునుండన్నా, నేను జేస్తా గదా," అని ఫకీరు సాయబు పనిలోకి దిగాడు.

చేశాడు. పాపం, నలభై ఏళ్ళ చేతివాటం ఎక్కడికి పోతుంది? మూడింటికీ అడుగున చిల్లులు పడ్డాయి. రెండోదానికి ముచ్చటపడి నోటి చుట్టూ తామరరేకులు కూడా చెక్కి నూనె రాశాడు.

రెండో సమావేశంలో నమూనాలను ఎర్రగుడ్డ మీద వరసగా పెట్టారు. వాటిని చూసే ముందు, శబ్దం ఎంత దూరం అవసరమో తేల్చుకోవాలని ఒక సభ్యుడు గుర్తుచేశాడు. సభ్యులు ఒక ఫర్లాంగు దగ్గర ఒకరు, రెండు ఫర్లాంగుల దగ్గర ఒకరు, మూడు ఫర్లాంగుల దగ్గర ఒకరు నిలబడ్డారు. ఒక్కొక్కరికీ ఒక్కో తూటా. ఒక్క చప్పుడు ముగ్గురికీ వినిపిస్తుంది కదా అని చెంగల్రాయులు అంటే, ఉమ్మడి శబ్దం ఆడిట్లో నిలవదన్నారు. అధ్యక్షులవారి చెవి మిషనులో బ్యాటరీ లేదని ఆఖర్న తెలిసి ఇంకొకటి.

మిగిలినవి ఏడు. చెంగల్రాయులుకు ఒక్కో దగ్గూ తన గుండెలో పేలినట్టుంది. ఆయన ధైర్యం చేసి షామియానా లోపలికి వచ్చాడు.

"సార్, కార్తీకానికి ఇంక రెండు నెలలు గూడ లేదు. ఏనుగులు దిగితే ఏం జేసేది? ఇవి కొయ్యవి సార్. వీటితో ఒక్క తూటా గూడ నిండదు."

"నమూనా అన్నది వాస్తవం. కొయ్య అన్నది మీ వ్యక్తిగత అభిప్రాయం," అన్నారు పరాంకుశం గారు.

మార్కుల పట్టిక మీద త్రివిక్రమరావు ఒక రూలు చదివాడు: సభ్యులు కళ్ళారా చూడని వస్తువుకు మార్కులు వేయరాదు. దాంతో పుస్తకంలో ఉన్న మూడు ఇనుప ప్రెస్సులకూ సున్నా వచ్చింది. ఎవరూ చూడలేదు కదా. పోటీలో మిగిలినవి మూడు కొయ్య ప్రెస్సులు. తుప్పు పట్టదు, పది. ఒక్క మనిషి మోయగలడు, పది. స్థానిక కళాకారుడి తయారీ, పది. ఇంతవరకు ఒక్క ప్రమాదం జరగలేదు, ఇరవై. తామరరేకులదానికి అందం కింద కూడా పది పడి, అరవైకి యాభై ఆరుతో అదే నెగ్గింది. పిడి దించితే కీచుమంటున్నదని నాలుగు కోశారు. సంఘం నిష్పక్షపాతం అక్కడ కనబడింది.

ఎంపికైన ప్రెస్సుకు ప్రారంభోత్సవం పెట్టారు. దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు. గౌరవ వందనంగా పెద్దాయన అయిదుసార్లు దగ్గాలన్నారు. వద్దని చెంగల్రాయులు దణ్ణం పెట్టాడు, బతిమాలాడు, తన జీవితంలో మొదటిసారి గొంతు పెంచాడు కూడా. వినలేదు. అయిదూ అయ్యాక ఫోటో సరిగా రాలేదని ఆరోది.

ఒకటి మిగిలింది. చెంగల్రాయులు దాన్ని జేబులో వేసుకోబోతుంటే త్రివిక్రమరావు చెయ్యి పట్టుకున్నాడు. "ఆగు ఆగు. కొత్త ప్రెస్సుతో నింపబోయే తూటాలను పోల్చుకోడానికి ఒక ప్రామాణిక తూటా ఉండాలి." దాన్ని గాజు సీసాలో పెట్టి, గుడ్డ చుట్టి, ఏడుగురూ సంతకాలు చేసి లక్క ముద్ర వేశారు. కాపలా బాధ్యత చెంగల్రాయులుదే.

సరిగ్గా వారానికి, కార్తీకంలో రెండో సోమవారం, పొద్దు వాలే వేళ దాసర్లమిట్ట నుంచి మునెమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. రెండెకరాల రాగి చేను తప్ప వేరే ఆధారం లేని మనిషి. మొగుడు పోయినప్పటి నుంచీ ఒంటి చేత్తో సేద్యం చేస్తున్నది. పోయిన ఏడు కోతకు ముందు రోజు మంద దిగితే చెంగల్రాయులే వెళ్ళి చేను కాపాడాడు. ఈ ఏడూ వస్తానని మాట ఇచ్చాడు.

"రాయులన్నా! దిగినాయన్నా! చెరుకు తోట దాటి మా గట్టుకాడికి వచ్చేసినాయి. రేపు కోతన్నా, కూలోళ్ళకు గూడ చెప్పుకున్నా. పెద్దాయన్ని తీసుకోని రాన్నా, నీ కాళ్ళు మొక్కుతా!"

చెంగల్రాయులు బీరువా తెరిచాడు. సీసా, లక్క, ఏడు సంతకాలు. పక్కన దండ వాడిపోయిన తామరరేకుల ప్రెస్సు. మునెమ్మ దాన్ని చూసి, "ఈడ శావిగల చెక్క ఎందుకుండాదన్నా?" అంది ఆయాసపడుతూనే. ఏడు నెలల్లో ఆ గదిలో వినబడ్డ మొదటి తెలివైన మాట అది. చెంగల్రాయులుకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పద్దెనిమిదేళ్ళు పటాలంలోనూ, పద్నాలుగేళ్ళు ఇక్కడా ఒక్క ముద్ర కూడా ఆయన విప్పింది లేదు. ఇప్పుడు ముద్ర విప్పలేదు, సీసానే గుమ్మానికేసి కొట్టాడు.

చేనుగట్టు మీదికి చేరేసరికి ముందున్న ఆడ ఏనుగు కంచె మీద కాలు పెట్టింది. చెంగల్రాయులు పెద్దాయన్ని మునెమ్మ భుజం మీద ఆనించి, ఆకాశానికి ఎత్తాడు. పెద్దాయన దగ్గాడు. కొండ తిరిగి దగ్గింది. పదిహేడు ఏనుగులూ వచ్చిన దారినే పోయాయి. మునెమ్మ చెవులు మూసుకుని చేలో కూలబడి, ఏడుస్తూనే నవ్వింది. చెంగల్రాయులు గడ్డిలో వంగి ఖాళీ గొట్టం ఏరుకున్నాడు. అలవాటు.

మర్నాడే మెమో వచ్చింది.

"సంఘము వారి అనుమతి లేకుండా ప్రామాణిక తూటాను ఖాళీ స్థితికి మార్చినందులకు మీపై చర్య ఏల తీసుకొనరాదు? ఎంపికైన ప్రెస్సు మీ అధీనములోనే ఉన్నందున, సదరు ఖాళీని దానియందు ఉంచి, తిరిగి నింపి, పది దినములలో సంఘము ఎదుట సమర్పించవలెను. లేనిచో ఉద్యోగము నుండి తొలగించబడుదురు."

ఆ పది రోజులూ చెంగల్రాయులుకు అన్నం సయించలేదు. రిటైరు కావడానికి రెండేళ్ళుంది. ఉద్యోగం పోవడం ఒక బాధ. పెద్దాయన్ని ఈ పెద్దమనుషుల చేతిలో వదిలిపోవడం అంతకన్నా పెద్ద బాధ. పదో రోజున మునెమ్మ విషయం విని, చెంగు బిగించుకుని, నెత్తిన ఒక మూట పెట్టుకుని ఆఫీసుకు వచ్చింది.

"ప్రెస్సును పనిచేయించుము," అన్నారు పరాంకుశం గారు.

చెంగల్రాయులు కదల్లేదు. మునెమ్మే ముందుకొచ్చి, మూట విప్పి, ఉడికించిన రాగిపిండి ముద్ద తీసి తామరరేకుల నోట్లో పెట్టి పిడి దించింది. కీచుమంది. అడుగున చిల్లుల్లోంచి వేడివేడి శావిగలు పళ్ళెంలోకి దిగాయి. పైన బెల్లం పాకం పోసి ఏడుగురికీ తలా ఒక పళ్ళెం పెట్టింది.

"తినండి సార్. ఆ ఒక్క చప్పుడుతో నిలిచిన చేని రాగులివి. అన్న ఆ తూటా పేల్చకుంటే ఏనుగులు తినుండేవి. ఇప్పుడు మీరు తింటా ఉండారు. ఎవురు తింటే మేలో మీరే రాసుకోండి."

ఏడుగురూ పళ్ళేలు దగ్గరికి లాక్కున్నారు. తర్వాత జుర్రుకునే చప్పుడు. పరాంకుశం గారు రెండోసారి వడ్డించుకుని, మూతి తుడుచుకుని, చెప్పి రాయించారు: "ఎంపికైన ప్రెస్సు పనిచేయుచున్నది. ఉత్పత్తి సంతృప్తికరము. సంఘము వారి ఎంపిక సరియైనదని ఋజువైనందున మెమో ఉపసంహరించడమైనది. ప్రెస్సును క్యాంటీనుకు బదలాయించడమైనది."

చెంగల్రాయులు ఊపిరి పీల్చుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళినవాడు ఏదో తట్టి ఆగాడు.

"సార్, డివిజనులో నూటయాభై మందిమి. ఈ కొయ్యది నిలవదు సార్. క్యాంటీనుకు ఇనుపది ఒకటి తెప్పిస్తే మేలు."

"ఇనుపవి దొరుకునా?" అన్నారు అధ్యక్షులవారు ఆశగా.

"దొరుకుతాది సార్. ఒళ్ళు బరువుగా, నోరు ఎత్తుగా, చెయ్యి పొడుగ్గా ఉండేది." జేబులోంచి కంపెనీ పుస్తకం బొమ్మ తీసి బల్ల మీద పెట్టాడు. సంఘం ఏడు నెలలు ఫైల్లో పెట్టుకుని తిప్పిన బొమ్మకు నకలే అది. ఒక్కరూ గుర్తుపట్టలేదు. చూడనిదానికి మార్కులు వేయరు కదా.

"క్యాంటీను సామానుకు సంఘమూ అక్కర్లేదు, లైసెన్సూ అక్కర్లేదు," అని త్రివిక్రమరావు అక్కడికక్కడే సంతకం పెట్టాడు. సంతకం పడిన పదకొండో రోజున ఇనుప ప్రెస్సు దిగింది. అది ఆయుధాల గది దాటి ఎప్పుడూ పోలేదు. క్యాంటీనులో శావిగలు ఇప్పటికీ తామరరేకుల చెక్కతోనే ఒత్తుతున్నారు, కీచుమంటూనే ఉంది.

మళ్ళీ కార్తీకం వచ్చింది. మంద దిగింది. మునెమ్మ చేనుగట్టు మీద పెద్దాయన, కొత్తగా నింపిన తూటాతో, మునుపటికన్నా గట్టిగా దగ్గాడు. మంద కొండెక్కింది. చెంగల్రాయులు ఖాళీ ఏరుకుని గదికి వచ్చి రిజిస్టరు తెరిచాడు. 'వాడిన వస్తువు' అన్న గడి దగ్గర కలం ఆగింది. తూటా అని రాస్తే ఎక్కడిదని అడుగుతారు. ఆలోచించి ఇలా రాశాడు: "శావిగలు, ఒక పిడి. దాసర్లమిట్ట వద్ద ఏనుగులకు చూపించడమైనది. వెనుదిరిగినవి."

మర్నాడు త్రివిక్రమరావు దాన్ని రెండుసార్లు చదివి, సంతకం చేసి, పక్కన ఆకుపచ్చ సిరాతో రాశాడు: "రుచి నచ్చలేదని తెలియుచున్నది. ఇకపై బెల్లం కలపవద్దు."